దీవికి వెళ్ళే క్రొత్త అయ్యవారికి

ఉపాధ్యాయుని చేతికి బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడు అతడు మొదట విచారించేది ఆ ఊరికి బస్సు ఉన్నదా లేదా అని. బస్సు లేకపోతే రైలు. రైలు కూడా లేకపోతే రెండు మైళ్ళో మూడు మైళ్ళో నడక. ఈ మూడూ కాక నాలుగవది ఒకటి ఉన్నదనీ, ఆ ఊరు చేరవలెనంటే రేవులో నిలబడి పడవకోసం ఎదురుచూడవలసిందేననీ తెలిసినప్పుడు అతని ముఖం ఎట్లా ఉంటుందో నేను ఎరుగుదును. ఒకప్పుడు నా ముఖమే అట్లా ఉన్నది.

పులికాట్ సరస్సులోని ఒక దీవిలో నేను కొన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. అది ఏ దీవి అని చదువరులు అడగవద్దు. నేను చెప్పబోయే సంగతులలో నా పొరపాట్లు పెక్కు ఉన్నవి. వాటిని సహించినవారి ఊరిపేరు వ్రాసి వారిని పదిమందిలోకి లాగడం న్యాయం కాదు. కాని ఇప్పటికీ ఎవరో ఒక క్రొత్త ఉపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయిని, ఒక నర్సు, ఒక పంచాయతీ కార్యదర్శి ఆ నీటిని దాటి వెళ్ళవలసి వస్తూనే ఉన్నది. నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని నేను తరువాత అనుకొన్న మాటలనే ఇక్కడ వారికోసం వ్రాస్తున్నాను.

ముందు ఆ నీటి సంగతి కొంత తెలిసి ఉండవలె. ఒడిశాలోని చిల్కాను విడిస్తే మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య మరొకటి లేదు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. చాలా భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెచ్చి ఇందులో పోస్తాయి. తూర్పున సముద్రం కొన్ని చోట్ల ఇసుకకట్టను తెంచుకొని ఉప్పునీటిని పంపుతుంది. సరస్సుకూ సముద్రానికీ నడుమ గోడవలె పడుకొని ఉన్నది శ్రీహరికోట. లోపల ఇరకం, వేనాడు మొదలైన దీవులు. మన పెద్దలు ఈ సరస్సును ప్రళయకావేరి అన్నారు. తమిళుల పళవేర్కాడు పరదేశులైన వర్తకుల నోళ్ళలో నలిగి పులికాట్ అయినది. పులికీ దీనికీ సంబంధం లేదు. విహారయాత్రకు వచ్చే పిల్లలు మాత్రం ప్రతిసారీ పులిని గురించే అడుగుతారు.

ఆ వర్తకుల సంగతి చరిత్ర పాఠంలో చెప్పడానికి పనికివస్తుంది. డచ్చివారు దక్షిణపు కొసన ఉన్న పులికాట్ పట్నంలో 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. ఇంగ్లీషువారు 1626లో ఉత్తరాన దుగరాజపట్నం వద్ద ఆర్మగాన్ అనే పేరుతో వర్తకస్థానం పెట్టుకొని, అక్కడ నెగ్గక 1639లో మరింత దక్షిణంగా జాగా సంపాదించుకొన్నారు. ఆ జాగాయే చెన్నపట్నం. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న ఈ సంగతిని దీవి పిల్లలకు చెప్పినప్పుడు వారు పుస్తకంవైపు చూడలేదు. కిటికీలోనుండి నీటివైపు చూచారు.

ప్రయాణం మాటకు వస్తాను. ఇరకం వెళ్ళేవారు తడ దగ్గర భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కుతారు. శ్రీహరికోటకైతే సూళ్ళూరుపేటనుండి సరస్సును చీల్చుకొని పోయే రోడ్డు ఉన్నది. ఆ రోడ్డుమీద బస్సులో పోతూ ఇరుప్రక్కలా నీళ్ళను చూచినవారు 'దీవి ప్రయాణం ఎంత హాయి!' అంటారు. వారు పడవ ఎక్కినవారు కారు.

పడవ ఎన్ని గంటలకు బయలుదేరుతుందని రేవులో అడగకండి. 'ఈ పూట పోతుందా?' అని అడగండి. ఇది మొదటి పాఠం. సరస్సు లోతు చాలచోట్ల నడుముకు మించదు. ఈశాన్య ఋతుపవనం వర్షించే అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాల్లో నీరు నిండి, అలలు లేచి, పడవకు ప్రమాదం. వేసవిలో నీరు లాగి, బురద తేలి, పడవకు శ్రమ. ఉత్తర భాగంలో మే నెల నాటికి నేల బయటపడి తెల్లని ఉప్పు పేరుకొని ఉంటుంది. నడుమ నాలుగయిదు నెలలు మాత్రమే ప్రయాణం సుఖం. వేసవిలో పడవ బురదలో కూరుకొంటే అయ్యవారైనా సరే దిగి త్రోయవలసిందే. పంచె ఎగగట్టి దిగిన నాడే నన్ను ఆ ఊరివారు తమవాడని అనుకొన్నారని నా నమ్మకం. అంతకు ముందు వారం రోజులు పడవలో కూర్చొని పుస్తకం చదువుకొన్నాను. ఎవరూ ఏమీ అనలేదు గాని నాతో మాట్లాడనూ లేదు.

గాలిని గురించి భూగోళ పుస్తకంలో చదివినదంతా అక్కడ కళ్ళయెదుట జరుగుతుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నం మొదలు తూర్పునుండి సముద్రపు గాలి వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది గనుక తెల్లవారుజామున గాలి పడమటినుండి తూర్పుకు పోతుంది. పడమటి ఒడ్డునుండి దీవికి వెళ్ళేవారికి తెల్లవారుజాము గాలి తోడు, మధ్యాహ్నపు గాలి ఎదురు. తెరచాప రోజుల్లో ఈ లెక్క తప్పితే ప్రయాణం తప్పినట్లే. మోటారు వచ్చిన తరువాత కూడా ఎదురుగాలిలో పడవ ముక్కు ఎగిరి, నీళ్ళు ఎక్కేవారి ఒళ్ళో పడటం మానలేదు. అందుచేత హాజరుపట్టీ, సర్టిఫికెట్లు, పిల్లల పరీక్షా పత్రాలు నూనెగుడ్డ సంచిలోనో, గట్టి ప్లాస్టిక్ సంచిలోనో పెట్టి మూతి బిగించి కట్టండి. ఒక సంవత్సరం నా హాజరుపట్టీలో ఆగస్టు మాసమంతా నీలి మరకై పోయింది. పైవారికి సంజాయిషీ వ్రాసుకోవడానికి సెప్టెంబరు పట్టింది.

పడవలో నడుమ కూర్చోండి, క్రింద కూర్చోండి, దిగేదాకా లేవకండి. ఫొటోకోసం అందరూ ఒకే ప్రక్కకు చేరడం అన్నిటికంటె చెడ్డది. బరువు ఒక ప్రక్కకు వాలితే చిన్న పడవ ఎంత సులభంగా బోర్లపడుతుందో భౌతికశాస్త్రం చదివినవారికి చెప్పనక్కరలేదు. 2011 డిసెంబరు 25న, క్రిస్‌మస్ పండుగనాడు, దక్షిణపు కొసన పళవేర్కాడు వద్ద విహారానికి వెళ్ళిన పడవ మునిగి 22 మంది మరణించారు. నీటిలో తేలించే చొక్కాలు పడవలో ఉండటం ఒకటి, ఒంటిమీద ఉండటం ఒకటి. ఉక్కగా ఉన్నదని విప్పి పీటక్రింద పెట్టుకొనేవారిని ఎందరినో చూచాను. పిల్లలను తీసికొనిపోయే ఉపాధ్యాయులు ఈ విషయంలో మొగమాటపడరాదు. చొక్కాలు చాలకపోతే రెండు సార్లుగా పోవలె.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. ఒక నవంబరు మాసంలో ఒడ్డున ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. రానివారికి సంజాయిషీ తాఖీదు వస్తుందని ముందే కబురు. తెల్లవారి రేవుకు పోతే పడవవాడు మోటారు విప్పి పెట్టి వల బాగుచేసుకొంటున్నాడు. ఈశాన్యపు గాలి, ఆకాశం సీసం రంగులో ఉన్నది. "అయ్యోరూ, ఈ గాలికి పడవ ఎయ్యను. కోపం జేసుకోబాకండి" అన్నాడు. నేను కోపం చేసుకొన్నాను. రెట్టింపు కూలి ఇస్తానన్నాను. నా ఉద్యోగం సంగతి చెప్పాను. పిరికివాడని కూడా అన్నాను. అతడు తల ఎత్తలేదు. చివరకు మరొక కుర్రవాడు డబ్బుకు ఒప్పుకొని పడవ తీశాడు. మేము సగం దూరం పోలేదు. రెండు అలలు వరుసగా వచ్చి పడవను నింపినవి. మోటారు ఆగిపోయింది. ఆ కుర్రవాడు తోడటం, నేను తోడటం, గాలి మమ్మల్ని ఎటో తోయడం. ఎట్టకేలకు లోతులేని చోట పడవ ఇసుకకు తగిలి ఆగింది గనుక బ్రతికాము. వెదుక్కొంటూ వచ్చి మమ్మల్ని దీవికి చేర్చినది పొద్దున నేను పిరికివాడన్న మనిషే. ఆ మాట అతడు ఎన్నడూ ఎత్తలేదు. ఆ కుర్రవాడికి అప్పటికి పదిహేడు సంవత్సరాలు. రెండేళ్ళ క్రిందటిదాకా నా బడిలోనే చదివినవాడు. నా సంజాయిషీకి బదులు అతని తల్లికి ఏమి చెప్పవలసి వచ్చేదో ఇప్పుడు కూడా కొన్ని రాత్రులు గుర్తుకు వస్తుంది.

కనుక పడవవాడు వద్దన్న రోజు వద్దనే అర్థం. పై అధికారులకు ఈ సంగతి ముందే, జూన్ మాసంలోనే, వ్రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దగ్గర ఉంచుకోండి. నవంబరులో చెప్తే సాకు అనుకొంటారు. తుపాను హెచ్చరికలు వినే అలవాటు కూడా కావలె. రేవుల్లో ఎగురవేసే హెచ్చరికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. అంకె పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని పిల్లలకు కూడా తెలిసి ఉండటం మంచిది. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతంలో తీరం దాటిన తుపానును గురించి నా కాలపు పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఇక త్రాగేనీటి సంగతి.

దీవి చేరిన మొదటి సాయంకాలం నా కాళ్ళకు మోకాళ్ళదాకా బురద. బడి వసారాలో మూతపెట్టిన బిందె కనబడింది. ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కొని, మిగిలినవి ముఖంమీద చల్లుకొని, హాయిగా కూర్చున్నాను. కొంతసేపటికి ఒక అవ్వ వచ్చి బిందె వంచి చూచింది, నా కాళ్ళవైపు చూచింది, ఏమీ అనకుండా బిందెను చంకన పెట్టుకొని ఇసుక దిబ్బలవైపు నడిచింది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. మరునాడు ఆమె వెంట నేనూ వెళ్ళాను. దిబ్బల నడుమ పల్లంలో చేతితో తవ్విన గుంట. దానిని దొరువు అంటారు. ఒక ప్రక్క వాలుగా ఉంటుంది. అడుగున జానెడు నీరు. అవ్వ వంగి కొబ్బరిచిప్పతో పైపై నీటిని కదలకుండా తీసి బిందెలో పోసి, నీరు ఊరేదాకా కూర్చొని, మళ్ళీ తీసింది. నేను తొందరపడి చెంబు ముంచబోయాను. "అట్టా ముంచితే ఉప్పు లేస్తది నాయనా" అన్నది.

ఆమె చెప్పినదానిని యూరపులో ఇంజనీర్లు సూత్రంగా వ్రాశారు. 19వ శతాబ్ది చివర హాలండులో బాడన్ గైబెన్, 20వ శతాబ్ది మొదట జర్మనీలో హెర్జ్‌బర్గ్ వేరువేరుగా దీనిని కనుగొన్నారు. ఇసుకలో ఇంకిన వాననీరు క్రిందనున్న ఉప్పునీటితో వెంటనే కలిసిపోదు. తేలిక గనుక దానిమీద తేలుతూ ఉంటుంది. మంచినీటి సాంద్రత 1.000 అనుకొంటే సముద్రపు నీటిది 1.025. ఈ తేడాను బట్టి లెక్క వేస్తే, సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీరు ఉన్నచోట క్రింద నలభై అడుగులదాకా మంచినీరు ఉండవచ్చునని తేలుతుంది. లెక్కకు మాత్రమే ఇంత. చిన్న దీవిలో, వానలు తక్కువైన ఏట, ఆ పొర ఎంతో పలుచన. పైన ఒక అడుగు తోడివేస్తే క్రింద నలభై అడుగులు తరుగుతుందని అదే లెక్క చెప్తుంది. లోతుగా గొట్టం దించి మోటారుతో గుంజితే క్రిందనుండి ఉప్పునీరు కుచ్చెనవలె పైకి లేచి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన చోటు మళ్ళీ మంచినీరు ఇవ్వడానికి కొన్ని వర్షాకాలాలు పట్టవచ్చు. కొబ్బరిచిప్ప వాడటం పేదరికం వల్ల కాదు, శాస్త్రం తెలిసినందువల్ల. ఈ తీరంలో దొరువు అనే మాట ఊరిపేర్లలోకి కూడా ఎక్కినది. సరస్సు సముద్రంలో కలిసే చోట్లలో ఒకదాని పేరు రాయదొరువు.

కుళాయిలు, డబ్బా నీళ్ళు వచ్చిన చోట్ల కూడా పడవ రానిరోజున దొరువే గతి. కాబట్టి క్రొత్తగా వెళ్ళేవారు త్రాగేనీటికి ఒక కుండ, వాడకానికి మరొకటి వేరుగా పెట్టుకోవలె. బట్టలు దొరువు దగ్గర ఉతకరాదు, సబ్బునీరు అటు పారనీయరాదు, మరుగుదొడ్డి గుంటను దొరువుకు ఎగువన తవ్వించరాదు. ఇసుకలో మంచినీరు ఎంత సులభంగా దిగుతుందో మురికినీరూ అంత సులభంగా దిగుతుంది. వానాకాలంలో కాచి చల్లార్చిన నీళ్ళే త్రాగండి. బడికప్పు మంచిదైతే వాననీటిని పట్టే తొట్టి ఒకటి కట్టించడానికి ప్రయత్నించండి. నేను మూడేళ్ళు అర్జీలు వ్రాసి కట్టించలేకపోయాను. మీకు నాకంటె ఓపిక ఉండవచ్చును.

మనుషులతో మెలగడం దీనికంటె సులభం. కొంచెం చెవులు తెరచి ఉంచితే చాలు. ఈ తీరపు పట్టపు పల్లెల్లో ఊరి పెద్దలను కాపులు అంటారు. వారి కట్టుబాటుకు దురాయి అని పేరు. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయవలెనో, ఏ రోజు వేటకు పోరాదో వారే నిర్ణయిస్తారు. దక్షిణాన తమిళ పల్లెల్లో చేపలుపట్టే చోట్లను వంతులవారీగా పంచుకొనే పాడు అనే ఏర్పాటు ఉన్నది. అందరికీ మంచిచోటు ఒకసారైనా దక్కాలని ఏర్పడిన పద్ధతి అది. దీనిలో చెడు లేదని నేను అనను. ఊరి తీర్పుకు ఎదురు చెప్పినవాడికి బ్రతుకు భారమే. కాని క్రొత్తగా వచ్చిన మనం మొదటి వారంలోనే న్యాయాధిపతులం కానక్కరలేదు. వెళ్ళిన రోజున పెద్దలను కలిసి, ఫలానావాడిని, పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చాను అని నిలబడి చెప్పండి. ముసలివారిని తాతా, అవ్వా అనండి. మీ ఈడువారిని అన్నా, అక్కా అనండి. మిమ్మల్ని అయ్యోరూ అనో టీచరమ్మా అనో పిలుస్తారు. ఆ పిలుపులో ఎంత గౌరవం ఉన్నదో అంత బాధ్యత కూడా ఉన్నది: అర్జీ వ్రాయవలెనన్నా, మందుచీటీ చదవవలెనన్నా, ఒడ్డున ఉన్న అల్లుడికి ఫోనులో నచ్చజెప్పవలెనన్నా మీ దగ్గరకే వస్తారు.

యానాదులు ఈ ప్రాంతానికి అందరికంటె పాతకాపులు. శ్రీహరికోట అడవి వారి పుట్టినిల్లు. చెన్నపట్నానికి వంటచెరకు కావలసి వచ్చినప్పుడు దొరల ప్రభుత్వం ఆ అడవిమీద చేయి వేసింది. 1876–78 నాటి కరువులో కూలిపనిగా పొడిగించిన బకింగ్‌హాం కాలువ ఈ సరస్సు మీదుగానే పోతుంది. పడవల్లో సరుకులు చెన్నపట్నం చేరేవి. 1969లో రాకెట్లకోసం ఆ దీవిని ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి రాకెట్ లేచింది. యానాది పిల్లవాడు మీ తరగతిలో వెనుకబల్లమీద, ఏమీ మాట్లాడకుండా కూర్చొని ఉంటే మందమతి అనుకోకండి. ఏ పామును చూచి తొలగవలెనో, ఏ ఆకు గాయానికి మంచిదో, బురదమీది ఏ రంధ్రంలో పీత ఉన్నదో అతడు మీకు చెప్పగలడు. నేను ప్రకృతిశాస్త్రం తరగతిని వారానికి ఒకసారి ఒడ్డున పెట్టి వాడిని ముందు నడిపించాను. రెండు నెలల తరువాత వాడు లోపలి తరగతిలో కూడా చేయి ఎత్తాడు.

పిల్లల భాష సంగతి చెప్పవలె. 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని గ్రామాలు మన రాష్ట్రంలోను, మన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం మద్రాసులోను కలిసినవి. గీత గీసినది కాగితంమీద. నీటిమీద గీత నిలుస్తుందా? వలలూ పెళ్ళిళ్ళూ రెండు వైపులా సాగుతూనే ఉన్నవి. పిల్లవాడు ఒకే వాక్యంలో రెండు భాషలు పలుకుతాడు. పైగా వాడి తెలుగు మన పుస్తకాల తెలుగు కాదు. నేను మొదట ప్రతి మాటకూ దిద్దుబాటు చెప్పి, తరగతిని నిశ్శబ్దం చేశాను. తరువాత స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చేతికి వచ్చింది. ఈ దీవుల బ్రతుకును ఈ నేల మాటలతోనే చెప్పిన పుస్తకం అది. దానిని తరగతిలో చదివి వినిపించిన రోజున పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. వాళ్ళ అవ్వ మాట అచ్చులో ఉండవచ్చునని వాళ్ళకు అంతదాకా తెలియదు. వెళ్ళేముందు ఆ పుస్తకం సంపాదించి పెట్టెలో పెట్టుకోండి. పుస్తక భాష నేర్పడం మన పనే. ఇంటిభాషకు సిగ్గుపడేటట్లు చేయడం మన పని కాదు.

హాజరు విషయంలో కూడా నేను తొందరపడ్డాను. అమావాస్యకూ పున్నమికీ బడి సగం ఖాళీ. ఆలస్యంగా వచ్చినవారిని బయట నిలబెట్టాను. వారిలో ఒకడు నిలబడే నిద్రపోయి పడ్డాడు. విచారిస్తే వాడు రాత్రి మూడు గంటలనుండి తండ్రితో వల లాగినవాడు. ఆ తిథుల్లో పోటుపాట్లు బలంగా ఉంటాయి. నీటి లాగుడుతోపాటు రొయ్యలు కదులుతాయి. ఆ నాలుగు రాత్రుల రాబడిమీద పక్షం రోజుల బియ్యం ఆధారపడి ఉంటుంది. పంచాంగం చూచి ఆ రోజుల్లో క్రొత్త పాఠం మొదలుపెట్టడం మానివేశాను. పునశ్చరణ పెట్టుకొన్నాను. తండ్రులతో మాట్లాడి చిన్నపిల్లలను వలకు తీసికొనిపోకుండా కొంతవరకు ఆపగలిగాను. పెద్దపిల్లల విషయంలో ఓడిపోయాను.

పక్షులకోసం వెళ్ళేవారికి ఒక మాట. శీతకాలంలో గులాబిరంగు రాజహంసలు లోతులేని నీటిలో బారులు తీరి తల క్రిందుగా ముక్కుతో నీటిని వడకట్టి తింటూ ఉంటాయి. తిండిలోని రంగుపదార్థమే ఈకలకు ఎక్కుతుంది. నేలపట్టులో కడపచెట్లమీద గూడబాతులు గూళ్ళు కడతాయి. ఆ చెట్లక్రింది నీరు పొలానికి ఎరువని అక్కడి రైతులు వాటిని కాపాడుకొంటారు. పులికాట్, నేలపట్టు రెండూ 1976 నుండి పక్షి రక్షణ కేంద్రాలు. పక్షిమాంసం గాని గ్రుడ్లు గాని ఎవరైనా అమ్మజూపితే కొనరాదు, పిల్లలచేత తెప్పించరాదు. చట్టం ఒప్పదు.

అన్నిటికంటె కష్టమైన సంగతి చివరకు మిగిలింది. దీవి బడిలో ఉన్నంతవరకు ఆడపిల్లలు మగపిల్లలకంటె బాగా చదువుతారు. ఆ తరగతులు అయిపోయిన తరువాత పై చదువుకు నీళ్ళు దాటవలె. రోజూ పడవలో పంపడానికి తల్లికి భయం. ఒడ్డున వసతిగృహంలో ఉంచడానికి తండ్రికి భయం. నా దగ్గర చదివిన ఒక పిల్ల లెక్కల్లో నన్నే తప్పుపట్టేది. ఆ యేడు జూన్ వచ్చేదాకా నేను ఏమీ చేయలేదు. పిల్ల తెలివైనది గనుక అదే వెళ్తుందిలే అనుకొన్నాను. జూలైలో చూస్తే రేవులో రొయ్యలు వేరుచేస్తూ కూర్చొని ఉన్నది. అప్పుడు పరుగెత్తాను. వసతిగృహంలో ఖాళీలు నిండిపోయినవి. మరుసటి యేడు జనవరిలోనే మొదలుపెట్టాను: తల్లిని వెంటబెట్టుకొని పోయి సూళ్ళూరుపేటలో వసతి చూపించాను, ఆధార్ పత్రం, కులధ్రువపత్రం, పుట్టినతేదీ అన్నీ సరిచూచాను. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే దిద్దించడానికి రెండు నెలలు పడుతుంది, దానికీ పడవ ఎక్కవలసిందే. ఆ పిల్ల ఒక సంవత్సరం ఆలస్యంగా చేరింది. ఇంకో ఇద్దరు పిల్లలు ఆమె వెంట వెళ్ళారు. అంతకు ముందు ఎందరు ఆగిపోయారో నా పాత హాజరుపట్టీలు చూస్తే తెలుస్తుంది, నేను చూడలేదు.

2023 జూలై 14న చంద్రయాన్ 3 శ్రీహరికోటనుండి లేచిన మధ్యాహ్నం నేను సూళ్ళూరుపేటలో ఉన్నాను. నీటికి అవతల పొగగీత సన్నబడేదాకా జనం చూస్తూ నిలబడ్డారు. నా ప్రక్కన నిలబడిన దీవి మనిషి ఒకడు చాలాసేపు చూచి, సంచి సర్దుకొని, "సాయంకాలం గాలి లేవకముందే రేవుకు చేరాలి అయ్యోరూ" అని వెళ్ళిపోయాడు.

బదిలీ అయి తిరిగి వచ్చేటప్పుడు చేయవలసినవి కొద్దిగా ఉన్నవి. పడవవాడికి, టీ కొట్టుకు బాకీలు తీర్చండి. వచ్చే యేడు పై చదువుకు పోవలసిన పిల్లల పేర్లు, వారి పత్రాలలో ఏది లోపమో, ఒక నోటుపుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టండి. బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో దానిలోనే వ్రాయండి. నూనెగుడ్డ సంచిని మీ వెంట తెచ్చుకోకండి. నేను వదలిన సంచి నా తరువాత ముగ్గురి చేతులు మారి, పోయిన సంవత్సరందాకా ఆ బడిలోనే వాడుకలో ఉన్నదని విన్నాను. ఒక మూల చిరిగితే ఎవరో వలదారంతో కుట్టారట.